నేలమాళిగలోని అగ్ని

మిషిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ నగరమునకు చేరువలో ఉన్న మా అమ్మాయి యింట గడచిన చలికాలము గడపితిని. జనవరి మాసములో ఒక రాత్రి, వీధిలో మంచు మోకాటిలోతు పేరుకొని, శైత్యము సున్నకు 15 డిగ్రీలు దిగువకు పోయినవేళ, ఇల్లు మెల్లమెల్లగా చల్లబడజొచ్చినది. శాలువా కప్పుకొని అల్లునితోకూడ నేలమాళిగలోనికి దిగితిని. అచ్చట బట్టల బీరువా యంత యెత్తున నిలిచియున్న యినుప పెట్టెలో, అక్కడివారు ఫర్నేస్ అను దానిలో, మొదట ఒక చిన్న పంకా గుయ్యిమని తిరిగెను. పిదప ఒక చిన్న పలుక ఎఱ్ఱగా కాగెను. వాయువు భగ్గున నంటుకొని నీలిజ్వాలలు వరుసగా లేచెను. నాలుగైదు క్షణములలో అన్నియు ఒక్కుమ్మడి ఆరిపోయెను. మరల పంకా, మరల జ్వాల, మరల చీకటి. ఆ రాత్రి పసిపిల్లలిద్దరను నడుమ వేసికొని, ఇంటనున్న దుప్పట్లన్నియు కప్పుకొని, అందరమును ఒకే గదిలో తెల్లవార్చితిమి.

ఉదయమున వచ్చిన మెకానిక్ పెట్టె తలుపులు తీసి, ఒకే యొక మర విప్పి, స్వెట్టరు అల్లు సూదియంత లోహపు కడ్డీని వెలికి దీసెను. దానిని ఫ్లేమ్ సెన్సర్ అందురు. జ్వాలకు విద్యుత్తును వహించు గుణము కలదు. ఆ కడ్డీ మంటలో మునిగియుండి, ఆంపియరులో కొన్ని పదిలక్షలవ వంతులు మాత్రమే యగు అతిసూక్ష్మప్రవాహముచేత, నిప్పు నిజముగా వెలుగుచున్నదని యంత్రమునకు సాక్ష్యము చెప్పును. దానిపై తెల్లని పొర పట్టినచో సాక్ష్యము నడువదు. అప్పుడు కాలని వాయువు ఇల్లు నిండకుండుటకై కవాటము తనంతట మూతపడును. అతడు సన్నని ఉక్కుపీచుతో దానిని నాలుగుమారులు రుద్ది, యథాస్థానమున బిగించెను. పది నిమిషములలో ఇల్లు వెచ్చబడసాగినది.

వెళ్లబోవుచు అతడు ఫిల్టరును లాగి చూపెను. అంగుళము మందము గల ఆ అట్టచట్రములోని తెల్లని గుడ్డ, కార్పెట్ నూగు, తలవెంట్రుకలు, వంటింటి తాలింపుల జిడ్డు కలసి, నలిగిన గొంగడివలె బూడిదరంగున ఉబ్బి యుండెను. ముక్కు దగ్గర పెట్టుకొనగా ఇంగువ వాసన వచ్చినది. మా అల్లుడు చిన్నబోయి, "మూడేళ్లయింది మామయ్యగారూ ఇల్లు కొని, దీన్ని తియ్యాలని మాకు తట్టనే లేదండీ" అనెను.

తట్టకపోవుటకు కారణము నాకు బోధపడినది. మా అమ్మ తెల్లవారకమునుపే పొయ్యిలోని బూడిద యెత్తి, గోమయముతో అలికి, ముగ్గు పెట్టినగాని నిప్పు రాజేసెడిది కాదు. పురిటింట కుంపటి పెట్టినప్పుడు తలుపు ఓరగా తీసియుంచవలెనని పెద్దముత్తైదువలు పట్టుబట్టి కాపు కాచెడివారు. ఆహితాగ్నులు గార్హపత్యమును కన్నబిడ్డను సాకినట్లు సాకిరి. నిప్పు కంటి యెదుట నున్నంతకాలము దాని సంరక్షణమును ఎవరును నేర్పనక్కరలేకపోయెను. 1919వ సంవత్సరము డిసెంబరులో, న్యూజెర్సీ రాష్ట్రమందలి మోరిస్‌టౌన్ వాసిని యగు ఆలిస్ పార్కర్ అను నల్లజాతి మహిళ, సహజవాయువును మండించి ఆ వేడిని గొట్టములద్వారా గది గదికిని పంపు కొలిమికి పేటెంటు పొందెను. ఇట్టి యేర్పాటులు స్త్రీలకు బొగ్గు మోయు బాధను తప్పించినవి. దానికి నేను చేయెత్తి మ్రొక్కుదును. అయితే గదిలోని యగ్ని నేలమాళిగకు దిగిపోవుటతో, దానికి జరుగవలసిన నిత్యసేవయు మరపున పడినది.

ఆ మరపు కేవలము చలితో పోవునది కాదు. ఇంటిలోని గాలి యంతయు ఆ ఫిల్టరుగుండనే పోయి, లోపలి లోహపేటికను వెలుపలినుండి ఒరసికొని వేడెక్కి గదులకు చేరును. పేటికలోపల మంట, వెలుపల మన ఊపిరి. నడుమ అడ్డు పలుచని రేకు మాత్రమే. ఫిల్టరు పూడినచో గాలి చాలక ఆ రేకు మితిమీరి కాగును. లిమిట్ స్విచ్ మంటను ఆర్పును. చల్లారగనే మరల రగులును. ఇట్లు కాగి చల్లారి, కాగి చల్లారి, ఏండ్లు గడచునప్పటికి రేకు బీటలు వారును. మంటకు గాలి చాలకున్నను, పొగగొట్టము పూడినను పుట్టు కార్బన్ మోనాక్సైడునకు ఆ బీటలు ఇంటిలోనికి త్రోవ యగును.

ఆ విషమునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె దానిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, కళ్లు తిరుగుట, డోకు వచ్చుట మాత్రమే కనబడుటచే జనులు దానిని పడిసెపు జ్వరమని భ్రమించి పండుకొందురు. అమెరికాలో, అగ్నిప్రమాదముల మాట విడిచినను, ఏటేట 400 మందికి పైగా దీనివలన అనుకోకుండ మరణించుచున్నారు. వంటవాయువునకు మనమెరిగిన దుర్గంధమును మనుష్యుడే కలిపినాడు. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూలండన్ పాఠశాలలో, ఎవరికిని తెలియక కారి నిండిన సహజవాయువు పేలి దాదాపు 300 మంది, అందులో పసివారే అధికులు, బలియైన పిమ్మట గాని ఆ రాష్ట్రము దానికి శాసనము చేయలేదు. మోనాక్సైడునకు ఆపాటి హెచ్చరికయు లేదు. అలారమొక్కటే దిక్కు.

ఇచ్చట మనవారి యలవాటొకటి చెప్పక తప్పదు. గృహప్రవేశమునాడు హోమధూమమునకు అలారములు మోగునని వానికి ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బరుబ్యాండ్లు వేయుదురు. వ్రతము ముగియును, విస్తళ్లు లేచును, చుట్టములు వెళ్లుదురు, సంచి నిలిచిపోవును. మా అమ్మాయి యింట పడకగదుల నడుమ, పొగను మోనాక్సైడును రెంటిని పసిగట్టు అలారమునకు, మూడేండ్లనాటి సంచి పసుపుబారి యింకను వ్రేలాడుచుండెను. కుర్చీ యెక్కి దానిని తీసినప్పుడు నా చేతులు వణకినవి. హోమము చేయించు పురోహితులు పూర్ణాహుతి కాగానే ఆ సంచులను తీయించి మరి దక్షిణ పుచ్చుకొనవలెనని నా ప్రార్థన.

గృహస్థు చేయదగిన పని స్వల్పము. అంగుళపు ఫిల్టరును నెలకొకమారు చూచి, ఒకటినుండి మూడు నెలలలోపల మార్చవలెను. చట్రముపైనున్న బాణపు గుర్తు యంత్రమువైపునకు ఉండవలెను. బొమ్మలకొలువు పెట్టెలు, రంగుడబ్బాలు కొలిమికి దూరముగా పెట్టవలెను. కొలిమినుండి గోడగుండ బయటికి వచ్చిన తెల్లని గొట్టముల మూతులను మంచు కప్పకుండ చూడవలెను. జ్వాల నీలిరంగు విడిచి పసుపుబారినను, వాయువు వాసన తగిలినను స్వయముగా చేయి పెట్టరాదు. వాసనయే తగిలినచో స్విచ్చి నైనను ముట్టక వెలుపలికి పోయి, అక్కడనుండి ఫోను చేయవలెను. తక్కిన శోధన యంతయు శిక్షితుడైన మెకానిక్‌ది. శరత్కాలమున చలి పడకమునుపే యేటికొకమారు అతనిని పిలుచుటకు వ్యయము చూచుకొనరాదు.

చలిదేశములలో బిడ్డలున్న తల్లిదండ్రులారా, ఈ ఆదివారము ఫోనులో "తిన్నారా, పిల్లలు బాగున్నారా" అని యడిగిన పిమ్మట, ఫిల్టరు ఎప్పుడు మార్చినారని, అలారముపై సంచి యేమైన నున్నదా యని కూడ నడుగుడు.

— గృహస్థుడు