పంపకాలకు అందని పాటలు

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లకు పంపకాలు కొత్త కాదు. భూమికి ధర పలికిన చోట అన్నదమ్ములు హద్దురాళ్లు పాతుకోవడం మామూలే. ఎకరాలు పంచుకోవచ్చు. ఇంటి మధ్యలో గోడ కట్టుకోవచ్చు. మరి ఇద్దరు కలిసి కట్టిన పాటను పంచేదెలా?

రాజ్-కోటి విడిపోయినప్పుడు అభిమానులకు వచ్చిన చిక్కు ఇదే.

రాజ్ అంటే తోటకూర సోమరాజు. సంగీత దర్శకుడు టి.వి.రాజు కుమారుడు. కోటి సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. ఇద్దరూ చక్రవర్తి దగ్గర పనిచేసి, 1980ల్లో జంటగా మారారు. ‘యముడికి మొగుడు’ (1988), ‘ముఠా మేస్త్రి’ (1993), ‘హలో బ్రదర్’ (1994)... చెప్పుకుంటూ పోతే జాబితా పెద్దదే. ‘రోజా’తో పేరు రాకముందు ఎ.ఆర్.రెహమాన్ వాయించిన కీబోర్డుల్లో వీళ్లదీ ఒకటి.

ఆ రోజుల్లో అభిమానమంటే ఖర్చుతో కూడిన పని. మేడ్చల్ కుర్రాణ్ని ఒకణ్ని ఊహించుకోండి. ఖాళీ క్యాసెట్ కొనాలి. కాగితం మీద పాటల చిట్టా రాయాలి. ‘అన్నా, జర మంచిగ నింపియ్యి’ అని రికార్డింగ్ షాపులో బతిమాలాలి. టేపు చిక్కుకుంటే పెన్సిల్ పెట్టి తిప్పుకోవాలి. అంత కష్టపడి దాచుకున్న పేరు మధ్యలోని గీత ఒకరోజు చెరిగిపోయింది. 1995లో ‘పెదరాయుడు’ వచ్చింది, సంగీతం కోటి. అదే ఏడాది ‘సిసింద్రీ’ వచ్చింది, సంగీతం రాజ్. రెండింట్లోనూ పాటలు బాగున్నాయి. అయినా అభిమానికి ఏదో వెలితి. ఫలానా పాటలో బాణీ ఎవరిది, దరువు ఎవరిది అని టీకొట్టు దగ్గర వాదనలు. తప్పెవరిదని తీర్పులు. నిజానికి ఆ లెక్క తేల్చడం వినేవాళ్ల పని కాదు. అమ్మానాన్నలు వేరుపడితే పిల్లలు ఎవరి పక్షమని అడగడం ఎంత అన్యాయమో ఇదీ అంతే.

జంట పేరుతో ప్రాణం పెనవేసుకున్నవాళ్లు వేరే చోట్లా ఉన్నారు. శంకర్-జైకిషన్‌లలో శంకర్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. 1955 నాటి ‘శ్రీ 420’ పాటలో తెలుగు మాటలు వినిపించడం ఊరికే జరగలేదు. 1971లో జైకిషన్ కన్నుమూశాక కూడా శంకర్ ఆ జంట పేరుతోనే సంగీతం చేశాడు. బీటిల్స్ 1970లో విడిపోయారు. మళ్లీ కలుస్తారని ఎదురుచూసినవాళ్ల ఆశ 1980లో జాన్ లెనన్ హత్యతో తెగిపోయింది. ఆయన ఇంట్లో పాడి టేపులో దాచిన గొంతును శుభ్రం చేసి, మిగిలినవాళ్ల వాద్యాలు జోడించి, 2023లో కొత్త పాటగా విడుదల చేశారు. 

అదే 2023లో, మే 21న రాజ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 68. ఎప్పటికైనా ఆ జంట కలుస్తుందని అనుకున్నవాళ్లకు ఇక ఎదురుచూపు లేదు. ఆ రోజు చాలామంది ఆయన పాటలు వెతికి విన్నారు, మెచ్చుకున్నారు. వినాల్సిన మనిషి మాత్రం లేరు. మనకు ఇష్టమైన పాట కట్టినవారికి, వాయించినవారికి, పాడినవారికి ‘బాగుంది’ అని చెప్పడానికి సంతాప సభ దాకా ఆగనక్కర్లేదు. ఊళ్లో బ్యాండు మేళం వాయించేవారికైనా సరే, ఆ ఒక్కమాట విలువైనదే.

మీ ఇంట్లో అటక మీద పాత క్యాసెట్ల డబ్బా ఉంటే ఓసారి దించి చూడండి. రాజ్-కోటి అట్టలు కనిపిస్తే పిల్లలకు చూపించండి. వీళ్లలో ఎవరు గొప్ప అని వాళ్లు అడుగుతారు. జవాబు వెతక్కండి, పాట పెట్టండి.