ఒక గీత, రెండు గీతలు

పోయిన పత్తి ఏరే రోజులలో రాయికోడ్ ప్రాంతపు సంఘ కుటుంబమొకటి రెండు కాగితములు పట్టుకొని మా యొద్దకు వచ్చినది. కోడలు గర్భవతి. మూడవ నెలలో కార్డు పరీక్ష చేసి హెపటైటిస్ బి లేదన్నారు. ఏడవ నెలలో ఎలైసా చేసి ఉన్నదన్నారు. "అయ్యగారూ, గీ రెండిట్ల ఏది నమ్మాలె?" అని అత్తగారు అడిగారు. వారి సెలవు తీసికొనియే, పేర్లు విడిచి వ్రాయుచున్నాము.

మేము వైద్యులము కాము గనుక తెలిసిన డాక్టరుగారిని అడిగితిమి. రెండు పరీక్షలూ వెదకేది ఒకదానినే, వైరసు పైపొరలోని హెచ్‌బిఎస్ యాంటిజెన్ అను పదార్థమును. కార్డు మీద రక్తపు చుక్క వేస్తే కొద్ది నిమిషములలో గీత కంటికి కనబడవలెను. పదార్థము మరీ కొంచెమైతే ఆ రెండవ గీత రాదు. ఎలైసాలో పుట్టే రంగును యంత్రము కొలుచును గనుక, అంతకంటె తక్కువున్నా దొరుకును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మార్గదర్శకములలో చూపిన లెక్క ప్రకారము, సోకిన 100 మందిలో కార్డులు పట్టినది సుమారు 90 మందినే. లేనివారికి ఉన్నదని చెప్పుట మాత్రము బహు అరుదు. అనగా రెండు గీతలు వస్తే గట్టిగా నమ్మవచ్చును, ఒక్క గీతకు అంత నిశ్చింత పనికిరాదు.

ఎలైసాకు కూడ సోకిన కొత్తలో, సగటున 30 రోజుల వరకు, దొరకదు. వైరసు డి.ఎన్.ఏ.నే వెదకే పి.సి.ఆర్. ఇంకా ముందు పట్టును గాని ఖర్చు ఎక్కువ.

మూడవ నెలలో పదార్థము తక్కువగా ఉండెనో, అప్పటికి సోకనే లేదో ఎవరు చెప్పగలరు? ఈలోగా ఇంట్లో అనుమానపు మాటలు పెరిగినవి. చిన్ననాడే తల్లి నుండి వచ్చి, కండ్లు పచ్చబడకుండ ఏండ్ల తరబడి దాగియుండవచ్చునని చెప్పి ఆపితిమి. ఆమెకు వేరే పళ్లెము పెట్టిరట! ప్రభురాత్రి భోజనపు గిన్నె కూడ వేరుగా ఇమ్మన్నారు. మేము ఒప్పుకొనలేదు. కలిసి తిన్నా, ఒకే గిన్నెలో త్రాగినా ఇది అంటదు. రక్తము, వాడిన సూది, బ్లేడు, దాంపత్యము, కాన్పు, ఇవీ దాని దారులు. భర్తకు పరీక్ష చేయించి టీకాలు మొదలుపెట్టించినాము.

అసలు భయము బిడ్డను గూర్చియే. పుట్టిన 24 గంటలలోపు టీకా, దానితోపాటు ఇమ్యూనోగ్లోబులిన్ సూది పడవలెనన్నారు. కాన్పు పెద్దాసుపత్రిలో చేయించి, రెండూ వేయించినారు. తరువాత 6, 10, 14 వారముల టీకాలును అయినవి. ఇప్పుడు బిడ్డకు ఏడవ నెల. తొమ్మిది నిండినాక రక్తపరీక్ష చేయవలెను. ఈసారి కార్డు వద్దు, ఎలైసాయే చేయించుమని అత్తగారే అంటున్నారు.