మిరపకు ముందు మంచె, పిమ్మట మర

మన్యములో మిరప మొక్క లేని పెరడు అరుదు. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములలో ఇంటి వెనుక పది మొక్కలైనను వేసుకొనుట వాడుక. వానలతో నాటిన మొక్కకు కాయ పండి ఎర్రబారు నాటికి వర్షములు వెనుకపట్టును గాని, పొగమంచు దిగును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకులోయలో మార్గశిర, పుష్య మాసములందు ప్రొద్దెక్కు వరకు ఎండ నేలకు తగలదు. గుంటూరు రైతుకు కళ్ళములో దొరకు ఎండ కొండమీది రైతుకు దొరకదు. మిరప పండించుట మీకు ఒకరు నేర్పనక్కరలేదు. ఎండబెట్టుటలోనే చిక్కంతయు నున్నది.

అయినను, కారపు పొడి చేసి అమ్ముకొందుమని ఏ పొదుపు సంఘము వారైనను సాయము కోరినపుడు మొదట అడుగునది పిండిమర. సాయము చేయువారు మొదట తలచునదియు అదియే. మర పదిమంది కంట పడును, ప్రారంభోత్సవమునకు పనికివచ్చును. వెదురు మంచెకు రిబ్బను కట్టి కత్తిరించువా రెవరు? నా అభిప్రాయములో ఈ వరుస తలక్రిందులైనది. మర తనలో పోసినదానిని పొడి చేయునే గాని బూజు పట్టిన కాయను మంచి కాయగా మార్చలేదు. పైగా కాయగా నున్నపుడు బూజును, తాలును ఏరి పారవేయవచ్చును. పొడియైన పిమ్మట ఏరుటకు ఏమియు మిగులదు.

ముందు తూకము సంగతి చూతము. పండు మిరపలో నూటికి 70 నుండి 80 పాళ్ళు నీరే. 75 పాళ్ళనుకొన్నచో, నాలుగు కిలోల పండ్లలో నీరు పోగా మిగులు సారము ఒక్క కిలో. తేమ నూటికి 10 పాళ్ళకు దిగు వరకు ఎండబెట్టినచో 1 కిలో 110 గ్రాముల ఎండుమిరప వచ్చును. 20 పాళ్ళ తేమ ఉండగనే ఆపివేసినచో 1 కిలో 250 గ్రాములు తూగును. ఈ 140 గ్రాముల ఆశకే పలువురు అరకొరగా ఆరిన కాయను సంతకు మోయుచున్నారు. కొనువాడు తెలివితక్కువవాడు కాడు. గుప్పెట పట్టి నలిపి చూచి, కాయ మెత్తగా నున్నచో ధర తగ్గించును. తూకములో వచ్చినది ధరలో పోవును. ఇక ఇంటికని ఉంచుకొన్న భాగము కుండలో బూజు పట్టును.

ఆ బూజును తుడిచివేసి వాడుకొనువారు కలరు. ఇది ప్రమాదకరము. ఆస్పర్జిల్లస్ అను బూజు జాతిలో కొన్ని అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చెడిన వేరుశనగ పిండి తిని చచ్చిన పిమ్మట ఈ విషము శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. ఇది కాలేయమును చెరచును, కాలేయపు కాన్సరుకు కారణమగును. కూరలో ఉడికించినను పూర్తిగా నశింపదు. తుడిచినచో పైబూజు పోవును గాని కాయలోనికి దిగిన విషము పోదు. ఎండుమిరపలో ఇది కిలోకు 10 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా దేశములు నిబంధన పెట్టుకొన్నవి. అనగా టన్ను సరుకులో 10 మిల్లీగ్రాములు. ఎగుమతి సరుకునకు ప్రయోగశాలలు కలవు. మీ పిల్లలు చోడి అంబలితో నంజుకొను కారమును పరీక్షించు వా రెవరును లేరు. దాని మంచిచెడ్డలు మీ ఆరబోతలోనే తేలిపోవును.

కాఫీ రైతు ఈ పాఠమును ఇదివరకే నేర్చినాడు. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. మట్టిలో ఆరిన గింజకు మట్టివాసన పట్టునని, ఎత్తైన తడికలపై ఆరిన గింజకు మంచి ధర పలుకునని ఈ కొండలలో ఇపుడు చాలమందికి తెలియును. కాఫీ పండును, మిరపయు ఇంచుమించు ఒకే కాలమున చేతికి వచ్చును. ఉన్న గచ్చు, ఉన్న టార్పాలిను కాఫీకి పోవును. మిరప తారురోడ్డు అంచుకు చేరును. అక్కడ దుమ్ము, పొగ, పశువుల పేడ, బండి చక్రముల క్రింద నలిగిన కాయ! డబ్బు తెచ్చు పంటకు ముందు చోటిచ్చుట తప్పనను. కాని వెదురుకు కొరత లేని ప్రాంతములో మిరపకు మరియొక తడిక అల్లుట భారమా?

చేనికాపు మంచె కట్టుట ఎరిగినవారికి ఇది కొత్త విద్య కాదు. నడుము ఎత్తున నాలుగు గుంజలు పాతి, గాలి క్రిందినుండి ఆడునట్లు సందులు గల వెదురు తడిక పరచవలెను. కోసిన కాయను నీడపట్టున రెండు మూడు రోజులు కుప్పగా నుంచినచో సగము పండినవి కూడ ఎర్రబారును. అంతకుమించి ఉంచరాదు, కుళ్ళును. పిమ్మట తడికమీద పలుచగా పరచి రోజుకు రెండు మూడు మార్లు తిరుగవేయవలెను. ప్రొద్దు వాలకముందే కప్పవలెను. టార్పాలినును కాయల మీదనే పరచినచో లోపల చెమ్మ పట్టును గాన, వంచిన వెదురు బద్దల మీదుగా కప్పుట మేలు. ఉదయమున మంచు విడిచి తడిక పొడిగా తోచు వరకు కప్పు తీయరాదు. మంచి ఎండ కాసినచో పది పదునైదు రోజులు, మబ్బు పట్టినచో మరికొన్ని రోజులు పట్టును. కాయను చెవి దగ్గర ఆడించినచో గింజలు గలగలలాడవలెను, విరిచినచో పెళుక్కున విరుగవలెను. తొడిమ దగ్గర మెత్తదన మున్నచో ఇంకను ఆరలేదన్నమాట.

వారము రోజులు సూర్యుడే కానరానిచో ఏమి చేయవలెనని మీ రడుగవచ్చును. పొయ్యిమీది అటక మన యిండ్లలో ఉన్నదే కదా! పొగలో ఆరిన కాయ పనికిరాదని కొందరు చదువుకొన్నవారు తీసివేయుదురు. నేను వారితో ఏకీభవింపను. స్పెయిను దేశములో లా వేరా అను ప్రాంతమున మిరప పండు కాలమునకు వానలు పట్టును. అక్కడివారు క్రింద ఓకు కట్టెల నిప్పు వేసి, పైన సందుల అటకపై కాయ పరచి, ప్రతిదినము తిరుగవేయుచు రెండు వారములు ఆరబెట్టుదురు. ఆ పొగవాసనయే దానికి పేరు తెచ్చినది. నాగాలాండులోను పొయ్యిమీద ఆరబెట్టు అలవాటు కలదు. అయితే మన అటకమీద కాయ మూటగా పడియుండును, తిరుగవేయువారుండరు, మసి పట్టును. పలుచగా పరచి, మంట తగులక వేడి మాత్రము తగులునట్లు చూచినచో ఇంటి వాడకమునకు ఆ కాయ చక్కగా పనికివచ్చును. విత్తనపు కాయను మాత్రము అటక ఎక్కించక, మంచి మొక్కనుండి కోసి వేరుగా ఆరబెట్టుకొనుడు.

దంచుట గురించి చెప్పవలసినది కొంచెమే. ఎండినకాయకు ముందురోజు మరల ఎండ చూపి, తొడిమ తీసి, తాలు ఏరి, రోటిలో కొద్దికొద్దిగా వేసి దంచి జల్లించవలెను. మరలో ఆడించినను నెమ్మదిగా ఆడించవలెను. రాయి వేడెక్కినచో రంగు, వాసన తగ్గును. ఘాటు గింజలో నున్నదని తలచి గింజను దులిపివేయువారు కలరు. నిజమునకు గింజలు అంటియుండు తెల్లని పొరలోనే ఘాటు ఎక్కువ. చేతులు మండినపుడు ముందు నూనె రాసుకొని పిదప సబ్బుతో కడుగుకొనవలెను, ఒట్టి నీళ్ళకు ఆ మంట పోదు. పొడి వెలుతురుకు, గాలికి త్వరగా రంగు తప్పును గాన కాయను కాయగానే దాచి, నెలకు సరిపడునంతయే దంచుకొనుట మంచిది.

మిరప మనకు పోర్చుగీసువారి కాలమున వచ్చినది. అంతకు ముందు మన కారమంతయు మిరియమే. నేడు మన కాఫీ తోటలలో సిల్వర్ ఓకు చెట్లకు మిరియపు తీగ పాకుచున్నది. పాతది కొండెక్కి తిరిగి వచ్చినట్లయినది!

ఇక అమ్మకము. పొడి అనగానే కొనువారికి అనుమానము. 2003లో భారతదేశమునుండి పోయిన మిరప సరుకులో సూడాన్ అను నిషిద్ధపు రంగు ఉన్నట్లు ఫ్రాన్సులో బయటపడినది. 2005లో బ్రిటనులో అట్టి కారము కలిసిన వందల రకముల ఆహారపదార్థములను అంగళ్ళనుండి వెనుకకు రప్పించిరి. మన దేశములో మసాలా పొడులను విడిగా అమ్మరాదు, కట్టిన పొట్లములలోనే అమ్మవలెనని చట్టము చెప్పుచున్నది. అందుకు నమోదు, చీటీ, శుభ్రమైన గది కావలెను. ఇవన్నియు సమకూరు వరకు మర కొన్న సంఘము చేతులు కట్టుకొని కూర్చుండును. బాగుగా ఎండిన కాయకు మాత్రము ఈ చిక్కులన్నియు లేవు. కొనువాడు కంటితో చూచి కొనును.

కనుక గ్రామ వ్యవసాయ సహాయకులు, సంఘముల వారు దసరా నాటికి ఊరిలో ఎన్ని మంచెలున్నవో లెక్కించవలెను. కాఫీ తడికలు ఏయే రోజులలో ఖాళీగా నుండునో మాటాడుకొనవలెను. రైతు సోదరులారా, ఈ యేడు ఒకే కోతలోని కాయను సగము నేలమీద, సగము మంచెమీద ఆరబెట్టి, రెంటిని ఒకే సంతలో వేరువేరుగా ధర కట్టించి చూడుడు. ఆ రెండు ధరలను ఒక కాగితముపై వ్రాయుడు. మర కావలెనని అర్జీ పెట్టునపుడు ఆ కాగితమును దానికి జతపరచుడు.