రెండు పలకలు

మా నాయన పలక కొట్టి నాకు పలక కొనిచ్చినాడు. ఆయనది తోలు పలక, నాది రాతి పలక. రాతి పలక పట్టుకొని డిగ్రీ దాకా పోయినాను, మా వంశంలో నేనే మొదటోణ్ణి. నాయన పోయినాక తోలు పలకను అటక మీద దాచేసినాను. సిగ్గు! ఆ సిగ్గు పుట్టుకతో రాలేదు. బడి నేర్పింది.

ఇప్పుడు నేనే పంతులును. ఒక జనవరి 26కు డ్యాన్సు పిల్లల పేర్లు రాయమంటే, పట్నంలో క్లాసుకు పోయే నలుగురి పేర్లు రాసినాను. మాదిగవాడ పిల్ల ఒకతి లేచింది. "మాకు ఆట రాదా సార్? మా తాత పలకకు నేను ఆడేది చూసినారా?" చూసినాను. చూసి కూడా రాయలేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం - ఎక్కడ చూసినా నాట్యం క్లాసు సాయంత్రమే, ఫీజు కట్టినోళ్ళకే. ఆ వేళకు మా పిల్లోళ్ళు పల్లె బస్సు కోసం పరిగెత్తాల. ధర్మవరంలో కూలికి పట్టు నేసే తల్లి తన కూతురికి నాట్యం పట్టుడ్రెస్సు కొనలేదు. కేంద్రం 2015 నుంచి హైస్కూలు పిల్లలకు కళా ఉత్సవ్ పోటీలు పెడుతోంది. జానపద నృత్యమూ ఉంది. పోటీ ఉంది, నేర్పే గంట ఏది? నేర్పకుండా పోటీ పెట్టి, గెలిచినోళ్ళది ప్రతిభ అంటారా?

కూచిపూడి తరతరాలు బ్రాహ్మణ మగవాళ్ళ చేతిలోనే ఉండింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆడపిల్లలకు తలుపు తెరిచినారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరికో నేర్పినాడు. తెరిస్తే తెరుచుకునే తలుపే! మా ఆడబిడ్డలనేమో దేవత పేర వదిలి బసివి అన్నారు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆ పిల్ల తల్లి నా దగ్గరకొచ్చి, "ఆట వద్దు సార్, నా బిడ్డకు ఆ పేరు పెడతారు" అని ఏడ్చింది. వాళ్ళ బిడ్డ ఆడితే కళ, మా బిడ్డ ఆడితే బసివా?

లేపాక్షి నాట్యమండపం చూడండి. దేవతలు వాయిస్తుంటే రంభ ఆడుతుంది. దేవుడు వాయించే మద్దెలకు మూసింది తోలు కాదా? అదే తోలు మా నాయన చంకలో ఉంటే మైల!

మంత్రి వస్తే పలక గేటు దగ్గర, కూచిపూడి వేదిక మీద. డప్పు కళాకారుల పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలు చేసినారు. మంచిదే. ముసలితనంలో కళాకారుడని ఒప్పుకున్నోళ్ళు, బడిలో గురువని ఎందుకు ఒప్పుకోరు?

మాదిగల పలక, మాలల ఉరుములు, చెక్కభజన తెలిసిన పెద్దలను జీతమిచ్చి బడికి పిలవండి. కూచిపూడీ నేర్పండి, అదీ మా పిల్లల హక్కే. అయితే ఒక్క మాట. మా పిల్లోడికే పలక, వాళ్ళ పిల్లకే గజ్జెలు అంటే అది మళ్ళీ కులవృత్తే, వెట్టే. రెడ్డి పిల్లోడూ బాపన పిల్లోడూ పలక చంకనేసుకొని మా తాతల ముందర కూర్చొని నేర్చుకోవాల.

అటక మీది పలకను దించినాను. మంట సెగకు కాచినాను. దానికి మీ టైంటేబుల్లో ఒక గంట రాయండి.