నిలిచిన జలపాతము, మునిగిన జలపాతము



గతమాసమున నీ శీర్షికయందు ప్రపంచములోని గొప్ప జలపాతములనుగూర్చి వ్రాయుచు మేమొక తప్పు చేసితిమి. దక్షిణ అమెరికాలోని పరానా నదిమీద గ్వాయిరా యను చోటనున్న జలపాతము, పడు నీటి పరిమాణమునుబట్టి లోకమునందెల్ల అగ్రగణ్యమని వ్రాసితిమి. మావారికి వారి గురువుగారు బహూకరించిన పాత భూగోళగ్రంథమున నట్లే యున్నది. అచ్చుపుస్తకములోని మాట గదాయని మఱల విచారింపక ఎత్తివ్రాసితిమి. పది దినములు గడవకమున్నే యొక పాఠకురాలు, "అక్కయ్యగారూ, ఆ జలపాతము 1982 లోనే మునిగిపోయినది, మీరింకను దానిని దుముకించుచున్నారేమి?" అని యుత్తరము వ్రాసినది. నవ్వును వచ్చినది, సిగ్గును కలిగినది. బడిపంతులుగారి యింట నిట్టి తప్పా యని మావారును ఒక మాట యనక మానలేదు. ఊళ్లు మునుగుట విన్నాము, ఆలయములు మునుగుట విన్నాము. జలపాతమే నీట మునుగునని మా యూహకు రాలేదు.

తప్పు దిద్దుకొనవలెనని పటము పఱచుకొని, గ్వాయిరానుండి పరానా నది వెంబడి వ్రేలు దక్షిణమునకు జరుపుకొనుచు పోగా, ఆ నదియొడ్డుననే ఫోజ్ దొ ఇగ్వాసు అను పట్టణము తగిలినది. దాని సమీపమున మఱియొక మహాజలపాతము నేటికిని నిలిచియున్నది. మునిగినదాని కథను నిలిచినదాని కథప్రక్కన నుంచి చదివినగాని రెండును బోధపడవని తోచి, రెంటిని గలిపి వ్రాయుచున్నాము.

పోర్చుగీసు భాషలో ఫోజ్ అనగా నదీముఖము. గ్వారానీ జాతివారి భాషలో ఇగ్వాసు అనగా పెద్దనీరు. ఇగ్వాసు నది పరానాలో గలియుచోట నున్నది గనుక ఆ పేరు. 1889 లో సైనికుల వలసగా వెలసిన ఆ బ్రెజిలు పట్టణమున నేడు 2,80,000 మందికి పైగా జనులున్నారు. ఇగ్వాసు కావల అర్జెంటీనా, పరానా కావల పరాగ్వే. మూడు దేశములవారును తమతమ యొడ్డున తమ జెండా రంగులు పూసిన యొక్కొక్క స్తంభమును నిలుపుకొనిరి. ఒకచో నిలిచి మూడు రాజ్యములను చూడవచ్చును. పరాగ్వేకు 1965 లోను, అర్జెంటీనాకు 1985 లోను వంతెనలు తెఱవబడినవి. ఉదయము ఒక దేశమున కూరలు కొని, మధ్యాహ్నము మఱియొక దేశమున పనిచేసి, రాత్రికి ఇల్లు చేరు కుటుంబములక్కడ వింతకాదు.

ఇగ్వాసు నది నడకయే విపరీతము. తూర్పున అట్లాంటిక్ సముద్రమునకు చేరువ కొండలలో, కురితీబా నగర పరిసరములందు పుట్టియు, సముద్రమునకు వెన్నిచ్చి పడమరగా దాదాపు 1,300 కిలోమీటరులు ప్రయాణము చేయును. పడమటి సముద్రమునకు దాపున పుట్టి తూర్పునకు నడచు మన గోదావరిని ఎఱిగినవారికిది కొత్తకాదు. పరానాలో కలియుటకు కొంచెము ముందు నల్లరాతి మెట్లమీదనుండి ఒక్కసారిగా క్రిందికి దుముకును. పదమూడుకోట్ల సంవత్సరములనాడు భూగర్భమునుండి వెలువడిన ద్రవశిల పొరలు పొరలుగా గట్టిపడి ఆ మెట్లైనవట. అంచు 2.7 కిలోమీటరుల పొడవున విల్లువలె వంగియున్నది. నీరు తక్కువైననాడు విడివిడిగా నెన్నినచో 275 ధారలు. వఱదనాడు అన్నియు గలిసి యొక్కటే. మూడింట రెండుపాళ్ల ధారలు అర్జెంటీనా వైపునను, వానిని ఎదురుగా నిలిచి చూచు యోగము బ్రెజిలు వైపునను గలవు. ఇల్లొకరిది, వాకిలి యొకరిది యన్నట్లున్నది ఆ పంపకము.

నడుమనున్న "దయ్యపు కంఠము" అను లోయలో నీరు దాదాపు 80 మీటరులు పడును. మూడు తాళవృక్షములను ఒకదానిపై నొకటి నిలిపిన యెత్తని మా పిల్లలకు చెప్పితిమి. మామూలు దినములలో సెకనుకు 1,500 ఘనపు మీటరుల నీరు దిగుచుండగా, 2014 జూనులో వచ్చిన వఱదలో దాదాపు 46,000 ఘనపు మీటరులు దిగినది. నురుగే గాని నీరు కనబడదట. పున్నమిరాత్రులలో తుంపరలమీద వెన్నెల పడి తెల్లని ఇంద్రధనుస్సు ఏర్పడును. దానిని చూచుటకై అర్జెంటీనావైపున ఆ రాత్రులలో జనులను లోనికి పోనిత్తురు.

అచ్చట ఒకజాతి బూడిదవన్నె పక్షులు జలధారల వెనుక తడిరాళ్లమీద గూళ్లు కట్టును. సాయంసమయమున గుంపులుగా వచ్చి, పడుచున్న నీటి తెరను చీల్చుకొని లోనికి దూరును. ఆ హోరులో తల్లి పిల్లల కూతను ఎట్లు గుర్తించునో! రెక్కల అడుగున 88 అను అంకె దిద్దినట్లుండు సీతాకోకచిలుకలు అక్కడ విస్తారము. ముంగిసకు పెద్దన్నవలె పొడవైన మూతితో, చారల తోక నెత్తి తిరుగు క్వాతి అను జంతువులు గుంపుగావచ్చి యాత్రికుల చేతిసంచులలోని ఫలహారములను ఊడబెఱుకుకొని పోవును. మన క్షేత్రములలోని కోతులతో వేగినవారికి భయములేదు.

ఆ జలపాతమునకు కైంగాంగ్ జాతివారు చెప్పుకొను కథయొకటి గలదు. నైపీ యను కన్యను పెద్దలు సర్పదేవతకు అర్పింప నిశ్చయించిరి. ఆమె తరోబా యను యువకునితో పడవనెక్కి పారిపోయినది. సర్పము కోపించి భూమిలో దూరి మెలికలు తిరుగగా నేల చీలి జలపాతమైనది. ఆమె క్రింద శిలయైనది. అతడు అంచున చెట్టైనాడు. మన అహల్యకు ఎన్నటికైన శాపమోక్షము గలిగినది. ఈ పిల్లకు నేటివఱకు లేదు. ఎండకాచిననాడు ఆ చెట్టును శిలను ఇంద్రధనుస్సు కలుపునను నూఱట మాత్రము మిగిలినది. కన్య నడుగక కన్యను అర్పించిన పెద్దల విషయమున కథ ఏమియు ననదు. మేమందుము: వారివలననే యింతయు వచ్చినది.

ఐరోపావారిలో దీనిని మొదట చూచి వ్రాసినవాడు కబేసా దె వాకా యను స్పెయిను దేశస్థుడు, 1542 ప్రాంతమున. ఆ యింటిపేరున కర్థము ఆవుతల. తరువాత చిరకాలము అడవియే దానికి కాపు. 1901 లో నదిమీదుగా వచ్చిన యాత్రికుల బృందములో విక్టోరియా అగీర్రె యను అర్జెంటీనా స్త్రీ యుండెను. రేవునుండి జలపాతమునకు సరియైన త్రోవ లేకపోవుట చూచి ఆమె బాట వేయించుటకు ధనమిచ్చినది. ఆ రేవును చాలకాలము ఆమె పేరనే ప్యుయెర్తో అగీర్రె యని పిలిచిరి. ఇప్పుడది ప్యుయెర్తో ఇగ్వాసు. పేరు పోయినది గాని బాట పోలేదు.

బ్రెజిలువైపు కథ మఱియొక రీతి. 1916 లో శాంటోస్ డ్యూమాంట్ అచ్చటికి వచ్చెను. ఇతడే 1906 లో పారిస్ నగరమున విమానమెక్కి జనుల యెదుట ఎగిరినవాడు. ఇంతటి జలపాతము చుట్టునున్న నేల ఒక ప్రైవేటు ఆసామి సొత్తని విని, ఆకాశమున ఎగిరినవాడు గుఱ్ఱమునెక్కి దినములకొలది అడవిదారిన పోయి, కురితీబాలో ఆ రాష్ట్రాధ్యక్షుని దర్శించి, ఇది ప్రజలందఱిదిగా నుండవలెనని వాదించెను. అదే సంవత్సరము జూలైలో ఆ నేలను ప్రజోపయోగార్థము తీసికొనుచు శాసనము వెలువడినది. అర్జెంటీనా 1934 లోను, బ్రెజిలు 1939 లోను తమతమ వైపుల జాతీయవనములను నెలకొల్పినవి. డ్యూమాంటు విగ్రహము నేటికిని అక్కడనున్నది.

ఇక గ్వాయిరా. "ఏడు జలపాతములు" అను అర్థమున దానిని సెతె కెదాస్ అనిరి. ఎత్తున ఇగ్వాసుకు తక్కువైనను, నీటి పరిమాణమున దానికి పలురెట్లు. దానికిని 1961 లో జాతీయవనమను పేరు పెట్టిరి. కాపాడినవారే 1981 లో ఆ పేరును కొట్టివేసిరి. కారణము ఫోజ్ పట్టణమునకు ఎగువను పరానాకు అడ్డముగా లేచుచున్న ఇతైపు ఆనకట్ట. 1973 లో బ్రెజిలు పరాగ్వేలు దీనికై సంధి చేసికొనినవి. 196 మీటరుల యెత్తు, 20 యంత్రములు, 14,000 మెగావాట్ల శక్తి.

మునుగకముందే చూడవలెనని జనులు గ్వాయిరాకు తండోపతండములుగా వచ్చిరి. 1982 జనవరిలో ఆ రద్దీకి అచ్చటి నడకవంతెన యొకటి తెగి 32 మంది మరణించిరి. కార్లోస్ ద్రుమాంద్ దె అంద్రాదె యను మహాకవి ఆ జలపాతమునకు వీడ్కోలు కవిత వ్రాసెను. అక్టోబరు 13 వ తేదీన ద్వారములు మూసిరి. పదునాలుగు దినములలో జలాశయము నిండినది. ఎన్ని లక్షల యేండ్లో దుమికిన నీరు అచ్చట సద్దుమణగి చెఱువైనది.

దీపము వద్దని మేమనము. మా వంటయింటను విద్యుద్దీపమే వెలుగుచున్నది. పరాగ్వే దేశపు విద్యుత్తులో అధికభాగము ఇతైపునుండియే వచ్చుచున్నది. ఐనను బ్రెజిలువైపున నలుబదివేల మంది పొలములను ఇండ్లను విడిచిపోయిరి. ఆ కాలముననే శ్రీశైలము జలాశయములో ఊళ్లు కోల్పోయిన మన సోదరీమణులకు దాని యర్థము మేము చెప్పనక్కఱలేదు. ఆవా-గ్వారానీ జాతివారికి పోయిన భూములకు బదులుగా 3,000 హెక్టారులు కొని యిచ్చుట కొప్పందము కుదిరినది 2025 లో. నలుబదిమూడేండ్లు! ఆనాటి పసిబిడ్డలు నేడు తాతలు, అవ్వలు.

నిలిచినదియు పూర్తిగా స్వేచ్ఛలో నున్నదని తలపరాదు. ఇగ్వాసు నదిమీదను జలపాతమునకు ఎగువను ఆఱు ఆనకట్టలున్నవి. అచ్చట ద్వారములు తెఱచుటను మూయుటను బట్టి క్రింద ధార హెచ్చుచు తగ్గుచు నుండును. అంచు మాత్రము డ్యూమాంటు చూచినచోటనే యున్నది.

పాత భూగోళగ్రంథములో గ్వాయిరాయున్న పుటయంచున పెన్సిలుతో "1982 అక్టోబరు" అని వ్రాసియుంచితిమి. తప్పు తెలిపిన సోదరికి మా కృతజ్ఞత. ఆ గ్రంథమునుండియే గతమాసమున నదులనుగూర్చియు నాలుగు మాటలు ఎత్తివ్రాసితిమి గనుక, అందేమైన లోపము గనిపించినచో దయచేసి యుత్తరము వ్రాయుడు.