ఫిర్యాదు ఇచ్చిన ఆ రాత్రి గురించి జిల్లా ఎస్పీ గారికి వినతి

గౌరవనీయులైన జిల్లా పోలీస్ సూపరింటెండెంట్ గారికి, మా మండలంలోని పొదుపు సంఘాల మహిళలం నమస్కరించి సమర్పించుకునే వినతిపత్రం.

విషయం: గృహహింసపై ఫిర్యాదు ఇచ్చిన స్త్రీకి ఆ తరువాత ఏం జరుగుతుందో స్టేషన్‌లోనే చెప్పి, రాసి ఇవ్వాలని కోరుతూ.

అయ్యా,

భర్త కొడుతున్నాడని స్టేషన్ మెట్లెక్కడానికి మాలో కొందరికి ఏళ్లు పట్టింది. ఎక్కాక ఏమవుతుందో చెప్పినవాళ్లు లేరు. మా సంఘంలో ఒకామె పగిలిన పెదవితో వెళ్తే మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. భర్తను పిలిపించారు. సంసారమన్నాక సర్దుకుపోవాలన్నారు. ఏదో కాగితం మీద ఆమెచేత సంతకం పెట్టించుకుని, అతని బండి మీదే ఇంటికి పంపారు. స్టేషన్‌కు వెళ్లినందుకు ఆ రాత్రి ఇంకా ఎక్కువ కొట్టాడు. ఆ కాగితంలో ఏం రాసుందో ఆమెకు నేటికీ తెలియదు.

అందుకే మేం మొదట అడిగేది ఆ రాత్రి గురించే. ఇంటికి వెళ్లడానికి భయంగా ఉందా అని ఆమెను ఒక్క మాట అడగండి, అదీ భర్త, అత్తమామలు పక్కన లేనప్పుడు. ఉందంటే సఖి కేంద్రానికో, ఆమె కోరిన బంధువుల ఇంటికో పోలీసు వాహనంలో చేర్చండి. పిల్లలు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, మందులు ఆ ఇంట్లో ఉండిపోతే, తెచ్చుకోవడానికి కానిస్టేబుల్‌ను తోడు పంపండి. దెబ్బలుంటే అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి నమోదు చేయించండి. గాయం మానిపోయాక ఆమె మాట ఎవరు నమ్ముతారు?

మేం కొత్త చట్టం అడగడం లేదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. రక్షణ అధికారి సేవల గురించి, ఉచిత న్యాయసహాయం గురించి, మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు కోరే హక్కు గురించి ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారే చెప్పాలని అందులోని 5వ సెక్షన్ అంటోంది. దరఖాస్తు అందాక మామూలుగా 3 రోజుల్లోపు మొదటి వాయిదా ఉండాలి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఇవన్నీ మాకు న్యాయసేవల సదస్సులో తెలిశాయి, స్టేషన్‌లో కాదు.

భర్త వేధింపులపై పెట్టే పాత ఐపీసీ 498ఏ కేసు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కిందికి వచ్చింది. కేసు పెట్టగానే అరెస్టు చేయనక్కర్లేదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పిందని తెలుసు. దానిమీద మాకు వాదన లేదు. కానీ అరెస్టుకు బదులు నోటీసు తీసుకుని భర్త సాయంత్రానికే ఇంటికి రావచ్చని ఆమెకు ముందే చెప్పాలి కదా!

ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఆమె చేతికివ్వాలి. కౌన్సెలింగ్ పేరుతో నెలలు తిప్పకూడదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు తెలియజేయాలన్న నిబంధన మా ఊళ్లకూ వర్తించాలి. 112, 181 నంబర్లు, రక్షణ అధికారి ఫోను ప్రతి స్టేషన్ గుమ్మం దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఈ వినతి అందినట్టు మాకు కూడా రసీదు ఇప్పించ ప్రార్థన.

ఇట్లు,
మండల పొదుపు సంఘాల మహిళలు