తాకలేదంటే సరిపోతుందా?

‘నిజానికి ఎవరూ ఎవరినీ తాకరు. పరమాణువుల మధ్య ఎప్పుడూ ఖాళీ ఉంటుంది.’ సైన్సు పేరుతో ఈ మాట బాగా చెలామణీ అవుతోంది. కవులకు విరహం రాయడానికి, వేదాంతులకు స్పర్శ మాయ అని చెప్పడానికి పనికొస్తోంది. ఇందులో సైన్సు సగమే. మిగతా సగం ఎవరికి మేలు చేస్తోందో మనం అడగాలి.

పరమాణువు గట్టి గోళీ కాదు. మధ్యలో కేంద్రకం, చుట్టూ ఎలక్ట్రాన్ మేఘం. ఆ మేఘానికి ఇక్కడితో అయిపోయిందనే అంచు లేదు. అంచే లేని రెండింటి మధ్య ఖాళీని ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలుస్తారు? రెండు ఉపరితలాలు దగ్గరయ్యేటప్పుడు మొదట బలహీనమైన ఆకర్షణ ఉంటుంది. ఇంకా దగ్గరైతే మేఘాలు ఒకదానిలోకి ఒకటి చొరబడబోతాయి. రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవని 1925లో పౌలీ చెప్పిన నియమం అక్కడ అడ్డుపడుతుంది. వికర్షణ ఒక్కసారిగా పెరుగుతుంది. బల్ల మీద పెట్టిన చెయ్యి బల్లలోకి దిగిపోకపోవడానికి ప్రధాన కారణం అదే. 1986లో వచ్చిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు కూడా సన్నటి మొన మీద పడే బలాన్ని బట్టే ఉపరితలాన్ని తడిమి చూస్తుంది. అంటే భౌతికశాస్త్రం స్పర్శ లేదనలేదు. స్పర్శంటే దూరం సున్నా కావడం కాదు, ఒకదాని మీద ఒకటి బలం చూపడం అంది.

ఈ తేడా మనకెందుకంటారా? ‘మధ్యలో ఏదో ఉంది కాబట్టి తాకినట్టు కాదు’ అన్న తర్కం న్యాయస్థానం దాకా వెళ్లింది కాబట్టి. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 12 ఏళ్ల పిల్ల ఛాతీని బట్టల మీంచి నొక్కడం పోక్సో చట్టం కింద లైంగిక దాడి కాదంది. చర్మానికి చర్మం తగలాలంది. 3 ఏళ్ల శిక్ష ఏడాదికి తగ్గింది. ఆ తీర్పు రాసింది స్త్రీ న్యాయమూర్తే. పితృస్వామ్యపు కొలబద్ద ఎవరి చేతిలోనైనా ఇమిడిపోతుంది. అలాగైతే సర్జికల్ గ్లౌజులు వేసుకున్నవాడు తప్పించుకుంటాడు కదా అని అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో వాదించారు. 2021 నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ముఖ్యమైనది లైంగిక ఉద్దేశం తప్ప చర్మం తగలడం కాదని చెప్పి, 3 ఏళ్ల శిక్షను పునరుద్ధరించింది.

ఇది గెలుపే. కానీ ఆ తర్కం చావలేదు. బస్సులో పడిన చెయ్యి ఇప్పటికీ ‘రద్దీలో తగిలిందేమో’ అవుతుంది. ‘పరమాణు స్థాయిలో అందరం అంటరానివాళ్లమే’ అని చమత్కరించేవాళ్లూ ఉన్నారు. రాజ్యాంగం 17వ అధికరణంలో నిషేధించిన అంటరానితనం ఎలక్ట్రాన్లు పాటించింది కాదు. హోటల్లో రెండు గ్లాసులు పెట్టింది మనుషులు. అక్కడ ఆ ఎడమే హింస.

భౌతికశాస్త్రం మరో మాట కూడా చెబుతుంది: తాకినవాటి రెండింటి మీదా బలం సమానం. సమాజంలో అలా కాదు. ఒకరి చెయ్యి మర్చిపోతుంది, ఇంకొకరి ఒళ్లు ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటుంది. ఈ అసమానతకు పరమాణువు దగ్గర జవాబు లేదు. దానికి జవాబు చెప్పాల్సింది అధికారం. కాబట్టి సైన్సును అరువు తెచ్చుకునేవాళ్లు పూర్తిగా తెచ్చుకోండి. ఖాళీ ఎంతో కొలిచేముందు, బలం ఎవరి మీద పడిందో వాళ్లని అడగండి.